పేగు బాగుచేసుకుంటే కీళ్లవాతం మందులు ఆపేయొచ్చా?

మీరు రాసినదాన్ని ముందు క్లుప్తంగా చెప్తాను, ఎక్కడైనా తప్పుగా అర్థం చేసుకుని ఉంటే చెప్పండి. మీకు 34 ఏళ్లు, చెన్నై వేళచ్చేరిలో ఉంటున్నారు. రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే రోగనిరోధక వ్యవస్థ సొంత కీళ్ల మీదే పడే కీళ్లవాతం, అని తేలి ఏడాదిన్నర అయింది. ఆ వ్యవస్థ దూకుడు తగ్గించే మెథోట్రెక్సేట్ వారానికోసారి వేసుకుంటున్నారు, వేళ్ల వాపు చాలావరకు తగ్గింది, కానీ మందు వేసుకున్న మర్నాడు వికారం, మిగతా రోజుల్లో కడుపు ఉబ్బరం. ఫోన్‌లో కనిపించిన ఒక ‘గట్ హీలింగ్’ ప్రోగ్రాం వాళ్లు మీ జబ్బుకి మూలం లీకీ గట్ (పేగు పొరకి సందులు పడి లోపలివి ఒంట్లోకి కారడం) అనీ, మూడు నెలల్లో పేగు బాగుచేస్తే మందులతో పని ఉండదనీ అన్నారు. మల పరీక్ష, ఫుడ్ సెన్సిటివిటీ పరీక్ష, సప్లిమెంట్లు అన్నీ కలిపి 45 వేలు. గోధుమ, పాలు, పెరుగు, పప్పులు, టమాటా, వంకాయ, చింతపండు బంద్. ఇంట్లో అత్తగారేమో రోజూ తిప్పతీగ కషాయం ఇస్తున్నారు. వచ్చే ఏడాది పిల్లల కోసం అనుకుంటున్నామని చివర్లో ఒక ముక్క రాశారు. ఈ ప్రోగ్రాంలో చేరాలా, అసలు పేగుకీ కీళ్లకీ సంబంధం ఉందా అన్నది మీ ప్రశ్న.

చేరకండి. మెథోట్రెక్సేట్ మీ అంతట మీరు ఆపకండి. పేగుకీ కీళ్లకీ సంబంధం మాత్రం ఉంది, అది గాలికబురు కాదు. వాళ్లు చెప్పినదాంట్లో మొదటి సగం నిజం, ఆ నిజాన్ని చూపించి రెండో సగం అమ్ముతున్నారు. నేను చెన్నైలో క్లినికల్ డైటీషియన్‌ని, కీళ్ల డాక్టర్లూ గ్యాస్ట్రో డాక్టర్లూ పంపేవాళ్లే నా దగ్గరికి ఎక్కువ వస్తారు కాబట్టి ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. మందు మోతాదు నేను చెప్పను, చెప్పకూడదు. తిండి సంగతి, ఏ టెస్టుకి డబ్బు పెట్టాలి, దేనికి పెట్టకూడదు అన్నది చెప్పగలను.

ముందు ఆ నిజమైన సగం. పేగు లోపలి పొర ఒకే ఒక్క కణం మందం. దానికి ఇవతల కోట్లాది బాక్టీరియా, మనం తిన్న తిండి. అవతల ఒంట్లోని రక్షణ కణాలు. ఏది మన తిండి, ఏది శత్రువు, దేన్ని చూసీ చూడనట్టు వదిలేయాలి అని ఆ కణాలు నేర్చుకునేది చాలావరకు అక్కడే. మనం తిన్న పీచుని పెద్దపేగులో బాక్టీరియా పులియబెట్టి బ్యుటిరేట్ లాంటి కొవ్వు ఆమ్లాలు తయారు చేస్తాయి, అవి రోగనిరోధక వ్యవస్థకి కళ్లెం వేసే కణాలు పెరగడానికి తోడ్పడతాయని 2013లో వరసగా వచ్చిన ఎలుకల ప్రయోగాల్లో తేలింది. అదే ఏడాది న్యూయార్క్ పరిశోధకులు, కొత్తగా రుమటాయిడ్ ఆర్థరైటిస్ వచ్చి ఇంకా మందు మొదలుపెట్టని వాళ్ల మలంలో ప్రివోటెల్లా కోప్రీ అనే బాక్టీరియా ఎక్కువగా ఉందని చూపించారు. రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే పడే ఇంకో జబ్బు లూపస్. దాని విషయంలో 2018లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీ వాళ్లు ఎంటెరోకాకస్ గల్లినారమ్ అనే బాక్టీరియా ఎలుకల్లో పేగు దాటి కాలేయం దాకా వెళ్లి జబ్బుని రెచ్చగొట్టడం చూశారు. పేగు ఒక్కటే కాదు, నోరు కూడా ఇందులో భాగమే. చిగుళ్ల జబ్బుకీ రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కీ ఉన్న లంకె గురించి చాలా పని జరిగింది. పేగు ప్రోగ్రాంకి 45 వేలు పెట్టడానికి సిద్ధపడ్డవాళ్లని పళ్ల డాక్టర్‌కి చూపించుకుని ఎన్నాళ్లైంది అని అడిగితే గుర్తులేదంటారు. మీరు ముందు ఆ పని చేయండి.

అన్నట్టు ‘ఒంట్లో ఇమ్యూనిటీలో 70 శాతం పేగులోనే ఉంది’ అని మీకు కూడా చెప్పే ఉంటారు. 2023లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు ఒంట్లో రక్షణ కణాలన్నిటినీ లెక్కగడితే, యాంటీబాడీలు తయారు చేసే ప్లాస్మా కణాల్లో ఎక్కువ భాగం పేగు దగ్గర ఉన్న మాట నిజమే గానీ, మొత్తం కణాల్లో పేగుది చిన్న వాటాయేనని తేలింది. ఈ 70 శాతం మాటతో మొదలయ్యే వీడియో ఏదైనా సరే కొంచెం అనుమానంగా చూడండి.

ఇక్కడి నుంచి రెండో సగానికి ఎలా దూకుతున్నారో చూడండి. జబ్బు ఉన్నవాళ్ల పేగులో తేడా ఉంది, కాబట్టి పేగు వల్లే జబ్బు వచ్చింది, కాబట్టి పేగు సరిచేస్తే జబ్బు పోతుంది. ఈ రెండు ‘కాబట్టి’లకీ రుజువు లేదు. జబ్బే పేగుని మార్చొచ్చు. నొప్పికి రోజూ వేసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి పేగు పొరని దెబ్బతీస్తాయి, అది ఎప్పటి నుంచో తెలిసిన సంగతే. ఒకవేళ మొదట్లో పేగే కారణమనుకున్నా, ఒకసారి రోగనిరోధక వ్యవస్థ కీళ్ల మీద పడటం అలవాటు చేసుకున్నాక మొదటి కారణాన్ని తీసేసినంత మాత్రాన అది ఆగదు. ఈ జబ్బులో యాంటీబాడీలు కీళ్లు నొప్పి పుట్టడానికి ఏళ్ల ముందే రక్తంలో కనిపిస్తాయి, అంటే మీరు డాక్టర్ దగ్గరికి వెళ్లిన రోజుకే కథ చాలా దూరం నడిచింది.

మందు ఆపడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మోసం ఎక్కువగా జరిగేది ఇక్కడే. మెథోట్రెక్సేట్ పని మొదలుపెట్టడానికి వారాలు పడుతుంది, అలాగే ఆపాక దాని ప్రభావం దిగిపోవడానికీ టైం పడుతుంది. ఇవాళ ఆపి రేపు ప్రోగ్రాంలో చేరినవాళ్లకి మొదటి కొన్ని వారాలు ఏమీ కాదు. పైగా మైదా, బేకరీ తిండి మానేసి, వేళకి తిని, వేళకి పడుకుంటారు కాబట్టి ఒళ్లు తేలిగ్గా ఉంటుంది. అప్పుడే వాళ్ల చేత వీడియో టెస్టిమోనియల్ తీసుకుంటారు. ఆ తర్వాత నాలుగో నెలలోనో ఐదో నెలలోనో మణికట్టు వాచి మళ్లీ ఆసుపత్రికి వచ్చేటప్పటికి కెమెరా ఉండదు. ఇలా వచ్చినవాళ్లని చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను. వాపుని మళ్లీ తగ్గించొచ్చు. ఎముక అరిగిపోయాక మాత్రం అది వెనక్కి రాదు, ఆ అరుగుదల జరిగేది ఎక్కువగా జబ్బు మొదటి ఏళ్లలోనే, అంటే మీరు ఇప్పుడున్న దశలోనే.

ఇంకో గందరగోళం కూడా ఉంది. కడుపు తేలికపడటం వేరు, జబ్బు అదుపులోకి రావడం వేరు. గోధుమ, ఉల్లి, వెల్లుల్లి, పాలు, పప్పులు ఒక్కసారిగా మానేస్తే ఎవరికైనా గ్యాస్ తగ్గుతుంది, ఎందుకంటే పేగులో పులిసే పిండిపదార్థాలు అందులోనే ఎక్కువ. ఆస్ట్రేలియాలో మోనాష్ యూనివర్సిటీ వాళ్లు తయారుచేసిన లో ఫాడ్‌మ్యాప్ పద్ధతి అదే, ఐబీఎస్‌కి (పేగులో పుండూ వాపూ లేకుండానే నొప్పి, ఉబ్బరం, విరేచనాల తేడాలు ఉండే సమస్య) పనికొస్తుంది, కానీ అది కొన్ని వారాల పాటు చేసి ఒక్కొక్కటీ తిరిగి కలుపుకుంటూ పోవాల్సిన పద్ధతి. నెలల తరబడి చేస్తే మంచి బాక్టీరియాకే తిండి లేకుండా పోతుంది. పేగు బాగుచేస్తామని చెప్పి పీచు, పప్పు, పెరుగు మాన్పించడం ఏ లెక్కో నాకు అంతుపట్టదు. కీళ్ల జబ్బు తగ్గిందా లేదా అన్నది ఉదయం ఎంతసేపు బిగుతుగా ఉంటోంది, ఎన్ని కీళ్లు వాచాయి, రక్తంలో వాపుని చూపించే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ ఎంత అన్నవాటితో చూడాలి.

టెస్టుల సంగతికొస్తే, ఫుడ్ సెన్సిటివిటీ అని అమ్మేది ఎక్కువగా ఐజీజీ అనే ఒక రకం యాంటీబాడీ పరీక్ష. ఒక పదార్థానికి ఐజీజీ ఉందంటే మీరు దాన్ని తింటున్నారని అర్థం, అంతే. యూరప్ అలర్జీ నిపుణుల సంఘం 2008లోనే దీన్ని తిండి పడకపోవడానికి గుర్తుగా వాడొద్దని చెప్పింది. రోజూ అన్నం, పెసరపప్పు, పెరుగు తినే మనిషికి ఆ మూడే ఎర్ర రంగులో వస్తాయి, ఇక తినడానికి ఏం మిగులుతుంది? లీకీ గట్ అని చూపించే జోన్యులిన్ పరీక్ష కథ కూడా అంతే. పేగు కణాల మధ్య బిగింపుని వదులు చేసే జోన్యులిన్ అనే పదార్థం నిజంగానే ఉంది, ఫసానో అనే ఆయన బృందం 2000లో దాన్ని బయటపెట్టింది, కానీ బజారులో దొరికే కిట్లు కొలిచేది అసలు జోన్యులిన్‌ని కాదని తర్వాత పరిశోధకులే పరీక్షించి చెప్పారు. పేగులో ఏ బాక్టీరియా ఎంత ఉందో చూసే మైక్రోబయోమ్ మల పరీక్షలో మనవాళ్లకి మరో తిరకాసు ఉంది. ఇందాక చెప్పిన ప్రివోటెల్లా జాతి, అన్నం, పప్పు, కూరగాయలు తినే మన దేశస్థుల పేగుల్లో ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా మామూలుగానే ఎక్కువ. అమెరికావాళ్ల కొలతతో పోల్చి ‘మీకు ప్రివోటెల్లా ఎక్కువ, డేంజర్’ అని రిపోర్టు చేతిలో పెడితే భయపడకండి. ఆ రిపోర్టు చూసి మందు మార్చే కీళ్ల డాక్టర్ నాకింతవరకు కనపడలేదు.

అలాగని పేగుని పట్టించుకోవద్దు అని కాదు, కొన్ని చోట్ల పేగే అసలు సంగతి. అవి ఏవో తెలుసుకోవాలి. మొదటిది సీలియాక్. గోధుమలోని గ్లూటెన్ పడక రోగనిరోధక వ్యవస్థ పేగు పొర మీదే దాడి చేసే జబ్బు ఇది. 2016లో వచ్చిన మన దేశపు పెద్ద సర్వేలో ఉత్తరాది పెద్దవాళ్లలో 1.23 శాతం, దక్షిణాదిలో 0.10 శాతం కనిపించింది, అంటే మన దగ్గర అరుదే, కానీ లేకపోలేదు. ఎంత ఐరన్ వాడినా రక్తం పట్టకపోవడం, బరువు తగ్గడం, ఎడతెగని విరేచనాలు ఉంటే టీటీజీ-ఐజీఏ అనే రక్త పరీక్ష చేయించుకోవాలి. గోధుమ మానేయకముందే ఈ పరీక్ష చేయించుకోవాలి. మానేసి నెలలు గడిచాక చేస్తే జబ్బు ఉన్నా లేనట్టు వస్తుంది. ప్రోగ్రాంలో చేరి గోధుమ మానేసి ఆ తర్వాత అనుమానం వచ్చినవాళ్ల పరిస్థితి మహా ఇబ్బంది, నిర్ధారణ కోసం మళ్లీ వారాల తరబడి చపాతీలు తినాలి.

రెండోది పేగుపూత జబ్బులు, క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్. వీటిలో కీళ్లు కూడా పట్టుకుంటాయి, వెన్నెముక బిగుసుకుపోయే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి తెలియకుండానే పేగులో వాపు ఉంటుంది. అంబత్తూరులో ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన, మన ఒంగోలు వైపు మనిషి, నడుం నొప్పికి ఏళ్ల తరబడి మెడికల్ షాపులో మాత్రలు కొనుక్కుని మింగుతూ, విరేచనాలకి హోటల్ తిండి కారణం అనుకుంటూ గడిపాడు. నొప్పి రాత్రి మూడో జామున లేపేసేది, పొద్దున లేచి నాలుగు అడుగులు వేస్తే తగ్గేది. నన్ను అడిగింది డైట్ చార్ట్. పేగులో వాపు ఉందేమో చూపే కాల్‌ప్రొటెక్టిన్ అనే మల పరీక్ష చేయించమని డాక్టర్‌కి రాసి పంపాను, బాగా ఎక్కువ వచ్చింది, కొలనోస్కోపీలో క్రోన్స్ లాంటి పుండ్లు కనిపించాయి. లాంటి అని ఎందుకంటున్నానంటే మన దేశంలో పేగు టీబీ కూడా అచ్చం అలాగే కనిపిస్తుంది, ఆ రెంటినీ వేరు చేయకుండా ఇమ్యూనిటీ తగ్గించే మందు మొదలుపెడితే టీబీ విజృంభిస్తుంది. బయాప్సీలు చూసి టీబీ కాదని తేల్చుకున్నాకే ఆయనకి వైద్యం మొదలైంది. ఏ ఆన్‌లైన్ పేగు కోచ్‌కీ ఈ తేడా తట్టదు. మలంలో రక్తం, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలు, జ్వరం, బరువు తగ్గడం, కన్ను ఎర్రబడి నొప్పి పెట్టడం, వీటిలో ఏది ఉన్నా తిండి మార్పులతో కాలం గడపకుండా గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మీరు రాసినదాన్ని బట్టి మీకు ఇవేవీ లేవు.

థైరాయిడ్ వాళ్లు కూడా ఇదే అడుగుతుంటారు కాబట్టి ఒక ముక్క. హషిమోటో (రోగనిరోధక వ్యవస్థ థైరాయిడ్ గ్రంథి మీద పడే జబ్బు) ఉండి, థైరాయిడ్ పనితీరు చూపే టీఎస్‌హెచ్ ఎంతకీ కుదురుకోని వాళ్లలో చాలామందికి సమస్య థైరాయిడ్ మాత్ర మింగిన వెంటనే తాగే ఫిల్టర్ కాఫీ, లేదా దాంతోపాటే వేసుకునే ఐరన్, కాల్షియం. కాఫీకి కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. ఐరన్‌కీ కాల్షియానికీ నాలుగు గంటలు. అప్పటికీ కుదరకపోతే విటమిన్ బి12, పొట్టలో చేరే హెచ్.పైలోరీ బాక్టీరియా చూడమని అడగండి, ఎందుకంటే హషిమోటోతో పాటు పొట్ట లోపలి పొర పలచబడిపోయే జబ్బు కూడా కొందరిలో జంటగా వస్తుంది.

ఇక మీ వంటింటికి వద్దాం. అమెరికా కీళ్ల వైద్యుల సంఘం 2022లో చేసిన సిఫారసుల్లో రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కి మెడిటరేనియన్ తరహా తిండికి సరేనంది, మిగతా పేరున్న డైట్లకీ సప్లిమెంట్లకీ వద్దంది. మెడిటరేనియన్ అంటే ఆలివ్ నూనె సీసా కొనమని కాదు. కూరగాయలు, ఆకుకూరలు, పప్పుధాన్యాలు, పల్లీలు, చేపలు ఎక్కువగా, మైదా, చక్కెర, నిలవ మాంసం తక్కువగా తినమని. కోయంబేడు మార్కెట్‌లో అరటి దూట, అరటి పువ్వు, మునగాకు, గోరుచిక్కుళ్లు ఏడాది పొడుగునా చవగ్గా దొరుకుతాయి. చేపలు తినేవాళ్లైతే మత్తి, కానాగంతలు వారానికి రెండుసార్లు. వాటిలో ఉండే నూనె నొప్పిని కొద్దిగా తగ్గిస్తుందని ప్రయోగాల్లో తేలింది, వంజరం కంటే చవక కూడా. పీచు రోజుకి కనీసం 25 గ్రాములు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. తెల్లన్నం, ఆలుగడ్డ వేపుడు, పెరుగుతో నడిచే మన మామూలు భోజనం అందులో సగానికి కూడా రాదు.

మీకు ఉబ్బరం ఉంది కాబట్టి ఇదంతా ఒకేసారి మొదలుపెట్టొద్దు. ముందు పెసరపప్పు, బాగా ఉడికిన బీర, సొర. రెండు వారాలాగి కందిపప్పు, ఆకుకూర. శనగలు, ఉలవలు, రాజ్మా రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోసి వండుకోండి, అవీ చివర్లో. టమాటా, వంకాయ, చింతపండు కీళ్లకి చెడు అనడానికి సరైన రుజువు లేదు. మీకు ప్రత్యేకంగా వంకాయ తిన్న మర్నాడు నొప్పి అనిపిస్తే మూడు వారాలు మానేసి మళ్లీ తిని చూడండి, రెండోసారీ అదే జరిగితే మానేయండి, దానికి ఎవరికీ ఫీజు కట్టక్కర్లేదు.

పులిసిన తిండి గురించి. 2021లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు 36 మంది మీద చేసిన చిన్న ప్రయోగంలో పది వారాలు పెరుగు, కెఫిర్, పులిసిన కూరగాయలు బాగా తిన్నవాళ్ల పేగులో బాక్టీరియా రకాలు పెరిగాయి, రక్తంలో వాపు గుర్తులు తగ్గాయి. వాళ్లు ఆరోగ్యవంతులు, కీళ్ల రోగులు కాదు, కాబట్టి దీన్ని వైద్యం అనుకోవద్దు. కానీ మజ్జిగ మాన్పించే ప్రోగ్రాంకి ఇది సరిపడా జవాబు. ఇడ్లీ పిండిలో బాక్టీరియా బోలెడు, ఆవిరికి చచ్చిపోతాయి, అయినా పులియడం వల్ల పిండి తేలిగ్గా అరుగుతుంది. ఆవకాయని ప్రోబయోటిక్ అని తినేవాళ్లని చూస్తే నవ్వొస్తుంది, అందులో మీకు దక్కేది ఉప్పు, కారం, నూనె, ఆనందం. చద్దన్నం మంచిదే, ఇక్కడివాళ్ల పళయ సోరూ అదే. మీరు ఇమ్యూనిటీ తగ్గించే మందు మీద ఉన్నారు కాబట్టి, క్యాన్ నీళ్లైనా సరే కాచి చల్లార్చి పోయండి, రాత్రి కలిపింది పొద్దున్నే తినేయండి, మే నెల ఎండలో మధ్యాహ్నం దాకా ఉంచొద్దు. ప్రోబయోటిక్ క్యాప్సూళ్లు మీకు అవసరం లేదు. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కి ఫలానా రకం వాడండి అని చెప్పేంత రుజువు లేదు.

తిప్పతీగ మాత్రం ఇవాళే ఆపండి. అత్తగారు ప్రేమతో ఇస్తున్నారు, అందులో అనుమానం లేదు, కోవిడ్ టైంలో అందరిళ్లలోనూ అదే. కానీ మీ జబ్బే రోగనిరోధక వ్యవస్థ మితిమీరి పనిచేయడం, దాన్ని ఇంకా ఉసిగొల్పేది తాగడం ఏమిటి? ఆ తర్వాత మన దేశంలోనే ముంబై నుంచి, తర్వాత పలు ఆసుపత్రుల నుంచి తిప్పతీగ వాడినవాళ్లకి కాలేయం దెబ్బతిన్న కేసులు పత్రికల్లో వచ్చాయి, వాళ్లలో కొందరికి అప్పటికే ఆటోఇమ్యూన్ జబ్బులు, అంటే మీలాంటివి, ఉన్నాయి. మెథోట్రెక్సేట్‌కి కూడా కాలేయం మీద కన్నేసి ఉంచాలి. రెండూ కలిస్తే, రక్త పరీక్షలో కాలేయం ఎన్‌జైములు పెరిగినప్పుడు దేనివల్లో తెలీక డాక్టర్ పనిచేసే మందునే ఆపేయాల్సి వస్తుంది. అత్తగారికి మీరు చెప్పలేకపోతే డాక్టర్ చేత చెప్పించండి, ఆ మాటకి ఉన్న బరువు వేరు.

వికారం గురించి మీ డాక్టర్‌కి చెప్పారా? చాలామంది చెప్పరు, భరించలేక ఒక రోజు మందే మానేస్తారు. ఫోలిక్ యాసిడ్ ఎలా వేసుకుంటున్నారో చూడటం, మాత్ర రాత్రి భోజనం తర్వాతకి మార్చడం, మాత్ర బదులు చర్మం కింద ఇంజెక్షన్, ఇలా దారులున్నాయి. ఏది మార్చినా అది వారానికి ఒక్కసారే అన్నది మాత్రం మర్చిపోవద్దు, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

చివర్లో రాసిన పిల్లల సంగతి అసలు మొదట రాయాల్సింది. మెథోట్రెక్సేట్ మీద ఉండగా గర్భం రాకూడదు, బిడ్డకి ప్రమాదం. గర్భం కోసం ప్రయత్నించడానికి దాదాపు మూడు నెలల ముందే ఆపాలని డాక్టర్లు చెప్తారు, అంతవరకు జాగ్రత్త పాటించాలి. ఆపి ఊరుకోరు, గర్భంలో వాడదగిన మందుకి మారుస్తారు, హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజీన్ లాంటివి. ఈ సల్ఫాసలజీన్‌ని 1930ల చివర్లో స్వీడన్‌లో నన్నా స్వార్ట్స్ అనే వైద్యురాలు కీళ్లవాతం కోసమే తయారు చేయించారు. అది మింగితే పెద్దపేగులో ఉండే బాక్టీరియాయే దాన్ని రెండు ముక్కలు చేస్తుంది, అప్పుడే అది పనిచేస్తుంది. పేగుని వాడుకుని కీళ్లకి వైద్యం చేయడం అంటే ఇదీ, ఎనభై ఏళ్లుగా జరుగుతోంది, మాత్ర కూడా చవకే. మార్చాక కొత్త మందుతో జబ్బు అదుపులో ఉందో లేదో చూడటానికి కొన్ని నెలలు కావాలి. వచ్చే ఏడాది అనుకుంటున్నారంటే ఈ మాట డాక్టర్‌తో ఎత్తాల్సింది ఈ విజిట్‌లోనే, మీవారిని కూడా తీసుకెళ్లండి.